పుస్తకాల కొట్టుకు, నా పాట కోసం
రాజవ్వ

“పాట ఆఖరుకు ఏమైతదో చెప్పరాదు, విని పోత.”

“వచ్చినంక చెప్త. సైరన్ కూసింది, పో.”

మా ఆలుమగల మధ్య జరిగిన చివరి మాటలు ఇవే, అడిగింది ఆయన. ఆయన రెండో షిఫ్టుకు పోయాడు. బాయిలో పైకప్పు కూలింది. బొగ్గు గనిని మేము బాయి అనే అంటాము. పైకి తెచ్చేసరికి ఆయనకు ప్రాణం లేదు. తర్వాత కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఓదెల దగ్గర మా అమ్మగారి ఊరికి వచ్చేశాను. ఆయన పేరు నేను తీయను. మా ఇళ్లలో ఆలు మగని పేరు తీయదు, మగడు ఆలి పేరు తీయడు. నాకు సంతకం వరకే వచ్చు. ఇది రాస్తున్నది మా చెల్లె బిడ్డ శారద, పెద్దపల్లిలో పది దాకా చదివింది.

గోదావరిఖనికి మళ్లీ పోతానని అనుకోలేదు. ఏడాది దాటాక, ఆయనతో పనిచేసిన ఓదెలు అనే మనిషి మా ఊరికి పెళ్లికి వచ్చి నా గడపలో కూర్చున్నాడు.

“వదినా, వచ్చే ఆదివారం పుస్తకాల కొట్టు కాడ సభ పెడుతున్నరు. అన్న పాటలు పుస్తకం చేసిండ్రు. నువ్వు రావాలెనట.”

“మీ అన్నకు పాటలెక్కడివి?” అన్నాను.

“గట్లంటవేంది? ఆదివారం ఆదివారం కొట్ల పాడేటోడు గద” అని ఓదెలు గొంతు సవరించుకుని పాడాడు:

సైరను కూసె, బాయికి పోతివి, ఓ బావా,
సద్ది గిన్నె మరిసిపోతివి,
దీపం తలకు కట్టుకపోతివి,
ఇంట్ల దీపం ఆర్పిపోతివి.

చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది. అది నేను కట్టిన పాట. క్వార్టరు వెనక బొగ్గుపెళ్లలు కొడుతూ, నల్లా దగ్గర బిందె వంతు కోసం నిలబడి కట్టుకున్నది. అట్లాంటివి ఇరవై దాకా ఉంటాయి. ఆయన మంచంలో పడుకుని వినేవాడు. ఆదివారం కొట్టుకు పోతే ఎవరో పేపరు చదువుతుంటే వింటున్నాడనుకున్నాను. అక్కడ నా పాటలు పాడుతున్నాడని ఒక్కసారైనా చెప్పలేదు.

ఆ పుస్తకం మీద నా పేరు వేయించాలి. గోదావరిఖనిలో నాకు ఇంకో పని లేదు. అందుకే బయలుదేరాను.

ఆదివారం పొద్దున్నే ఓదెల స్టేషన్‌కు నడిచి, ఏడు దాటాక వచ్చిన ప్యాసింజరు ఎక్కాను. టికెట్టుకు రూపాయి కూడా కాలేదు. మీరెవరైనా ఈ బండిలో పోతే ఇంజను వైపు కిటికీ దగ్గర కూర్చోకండి, కంట్లో బొగ్గు నలుసు పడుతుంది. నేను కూర్చుని అనుభవించాను. ఎదురుగా సీతాఫలాల గంపతో ఒక ముసలమ్మ ఉంది. నా కన్ను ఎర్రబడడం చూసి, “ఎవల కోసం ఏడుస్తున్నవ్ బిడ్డా?” అని అడిగింది.

“ఏడుస్తలేను, నలుసు పడ్డది.”

“నలుసులు నేనూ మస్తు చూసిన” అని ఒక పండు చేతిలో పెట్టింది. కొత్తపల్లి దాటేదాకా తన కోడలి మీద ఆమె చెప్పిందే కథ. పెద్దపల్లిలో బండి చాలాసేపు ఆగింది. ముసలమ్మ అక్కడ దిగుతూ, “సీతాఫలం మాగలే, రెండు రోజులాగి తిను” అంది. ఇచ్చేటప్పుడు చెప్పలేదు.

తొమ్మిదిన్నరకు రామగుండం. స్టేషన్ బయట బస్సు కిక్కిరిసి ఉంది. పవర్‌హౌస్ పొగగొట్టం కనబడింది. ముందు ఆ దారిలో వస్తుంటే ఇంటికి వచ్చేశామని అనిపించేది. ఇప్పుడు ఎవరింటికి? చౌరస్తాలో దిగి కొట్టు వైపు నడిచాను. మా క్వార్టరు సందు మీదుగా పోలేదు, చుట్టు తిరిగి పోయాను.

కొట్టు మీకు చెప్పాలి. ఒక్క గది, పైన రేకులు, ముందు తడికల పందిరి. బడి పుస్తకాలు ముందు వరసలో, కథల పుస్తకాలు వెనక గోడకు. కొనలేనివాళ్లు అక్కడే కూర్చుని చదువుకుని పెట్టిపోవచ్చు. ఆదివారం పందిరి కింద గోనెపట్టాలు పరుస్తారు. ఒకరు పేపరు గట్టిగా చదువుతారు, ఒకరు పుస్తకంలో కథ చెబుతారు, ఒకరు పాడతారు, పక్క హోటలు నుంచి చాయ్ వస్తుంది. చదువురాని బాయి కూలీలే ఎక్కువ. ఊరిలో నిజంగా మంచి చోటు అది, కాదనను. కాని ఆ పట్టాల మీద ఆడమనిషి కూర్చోగా నేను చూడలేదు. నీళ్లకు పోతూ రోడ్డు అవతలి నుంచి చూసేదాన్ని.

సభ నాలుగింటికి. కొట్టు ఎదుట సైకిల్ షాపు ఖాజా భాయిది. నన్ను గుర్తుపట్టి బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. తెచ్చుకున్న రొట్టె, పచ్చడి అక్కడే తిన్నాను.

“భాభీ, ఆయన సైకిల్ గిక్కడనే పెట్టేటోడు” అన్నాడు ఖాజా భాయి. “లోపలికి పొయ్యే ముందుగాల గీ స్తంభం కాడ నిలబడి నోట్లనే గొణుక్కునేటోడు. నమాజ్ చేస్తున్నవా అని మజాక్ చేసేటోన్ని. మరిస్తే ఇంటికాడ తిడుతరు భాయ్, అనేటోడు.”

ఆయన గొణిగింది నా పాటే. మరిస్తే తిట్టేది ఎవరో ఖాజా భాయికి తట్టలేదు.

రెండింటికి కొట్టు యజమాని నారాయణ వచ్చాడు. మెత్తని మనిషి, కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టి ఉంది. రోడ్డు దాటి పందిరి కిందికి పోయాను, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. అట్ట మీద పిడికిలి, దాని పైన బాయి టోపీ, కింద పెద్ద అక్షరాలలో ఆయన పేరు. ఆ పేరు మాత్రం పోల్చుకోగలను.

నేను మాట చుట్టు తిప్పలేదు. “అన్నా, ఈ పాటలు ఆయనవి కావు. నేను కట్టినవి” అన్నాను.

నారాయణ అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఎవలు కట్టిండ్రని ఆయన్ను అడిగినం చెల్లే. ఒకసారి గాదు, ఎన్నిసార్లో. తల వంచుకుని నవ్వేటోడు. తన పాట తనదని చెప్పుకోను సిగ్గుపడుతున్నడు అనుకున్నం.”

“నలుగుర్ల నా పేరు ఎట్ల తీస్తడు?”

“పెండ్లాం పేరు చెప్తే ఏం పోతది? గీ కాలంల గూడనా?”

“గట్లయితే మీ ఇంటామె పేరు ఇప్పుడు చెప్పుండ్రి, అందరు వినేటట్టు.”

పట్టాలు పరుస్తున్న ముగ్గురు నలుగురు మగవాళ్లు తలెత్తి చూశారు. నారాయణ నోరు తెరిచి, వాళ్ల వైపు చూసి, మూసుకున్నాడు. ఒకడు కిసుక్కున నవ్వాడు. నేను నవ్వలేదు.

“సభల చెప్తనంటే చెప్పు చెల్లే, నేనొద్దన” అన్నాడు నారాయణ. “అచ్చయినదాన్ని నేనేం చెయ్యలేను గని, నీ నోరు నేను మూయ. ఒక్కటి చూసుకో. వచ్చేటోళ్లంతా ఆయనతోని బాయిల దిగినోళ్లు. పాటలు ఆయనవి కావంటే ఆయన్ను ఏమనుకుంటరు?”

ఆ మాట నాకు తోచనిది కాదు. బండిలో దారి పొడుగునా అదే నలిగింది. మెత్తటి మనిషి అన్నాక ఇంకా గట్టిగా తగిలింది.

నాలుగు దాటాక మొదలయింది. ఆయన ఫోటోను స్టూలు మీద పెట్టి దండ వేశారు. గుంపులో దిగిన ఫోటోలోంచి పెద్దది చేయించినట్టుంది, భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఎండకు ఉడికిపోయాను. కరీంనగర్ నుంచి వచ్చిన కాలేజీ సారు పుస్తకం చేతబట్టి మాట్లాడాడు.

“చదువులేని కార్మికుడు, బొగ్గు తప్ప మరొకటి ఎరుగని మనిషి, ఆడదాని మనసులోకి ఇంతగా ఎట్లా దిగాడు? పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి గుబులు ఈయనకు ఎవరు చెప్పారు? ఇదీ ప్రతిభ అంటే.”

అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను చూసి కూడా కొట్టారు. ఎవరు చెప్పారు అని అడిగినవాడు నా కుర్చీకి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. అడిగినవాడికి జవాబు అక్కర్లేదు.

తర్వాత ముందు వరసలోని ఒక యువకుడు, మెడలో ఎర్ర తువ్వాలు, సైరను పాట పుస్తకం చూసి పాడాడు. మూడు చరణాలు నావే. నాలుగోది మాత్రం నాది కాదు:

సైరను కూస్తే కదలి రండి, ఓ అన్నా,
పిడికిలెత్తి నడచి రండి.

ఆఖరు చరణం ఆయనకు నేను చెప్పలేదు కదా. పాట తెగిపోయి ఉంటే వీళ్లు అతుకు వేశారు. బావా అని పిలిచిన పాటలోకి అన్నా ఎక్కడి నుంచి వచ్చాడో ఒక్కరికీ అనుమానం రాలేదు.

“అమ్మా, రెండు మాటలు చెప్పండి” అన్నాడు కాలేజీ సారు.

లేచాను. ఎదుట ఓదెలు ఉన్నాడు, ఆయన టీములో వాళ్లంతా ఉన్నారు, కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన తనది కానిది పాడాడని వాళ్ల ముఖాల మీద ఎట్లా చెప్పను? మాట రాకపోతే పాటయినా రాకపోదని పాడాను. గొంతు కాకి గొంతే, అయినా మొదటి నుంచి పాడి, ఆఖరుది నాది నేను పాడాను:

సైరను కూస్తే ఉలికిపడితి, ఓ బావా,
నీ కోసమని మురిసిపోకు,
పొయ్యి మీద పప్పు మాడె,
పప్పు కోసమే ఉలికిపడితి.

ఆయన ఇంట్లో ఉంటే ఈ మాటకు మంచం మీద దొర్లి నవ్వేవాడు. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఎర్ర తువ్వాలు అబ్బాయి పుస్తకం వేలితో చూపిస్తూ, నెమ్మదిగా, చాలా మర్యాదగా అన్నాడు: “అక్కా, తప్పు పడ్డది. పుస్తకంల గట్ల లేదు.”

“నా పాట గట్లనే ఉంటది” అన్నాను.

“అన్న పాట నీ పాట వేరేనా అక్కా? గని ఆఖరు చరణం ఇది.” మళ్లీ పిడికిలి పాడి నాకు నేర్పించబోయాడు.

కాలేజీ సారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. “పాపం, దుఃఖంలో ఏదేదో కలిపేసుకుంటున్నది” అని పక్కవాళ్లతో అన్నాడు. మళ్లీ చప్పట్లు. వాటిలో నారాయణ చేతులు లేవు, తల వంచుకుని పట్టా పీచు లాగుతున్నాడు. నిజం తెలిసిన ఒక్క మనిషి తల వంచుకున్నాడు. ఆయనలాగే.

రెండు పుస్తకాలు, శాలువా సంచిలో పెట్టి సాగనంపారు. బస్సు దాకా ఖాజా భాయి తోడు వచ్చాడు. సాయంత్రం రామగుండం స్టేషనుకు బస్సు దొరకదని చెప్పి పెద్దపల్లి బస్సు ఎక్కించాడు, బసంత్‌నగర్ మీదుగా పోయేది. మీరు పోయినా సాయంత్రం అదే మంచిది. సిమెంటు లారీల వెనక దుమ్ము ఒక్కటే బాధ.

బసంత్‌నగర్‌లో ఫ్యాక్టరీ మనిషి ఒకడు ఎక్కి పక్కన కూర్చున్నాడు. కనుబొమల దాకా బూడిద రంగు. సంచిలోంచి కనబడుతున్న పుస్తకం అడిగి తీసుకుని, పెదవులు కదిలిస్తూ చదివాడు.

“మంచిగున్నయ్ అక్కా. ఎవలు కట్టిండ్రు?”

పొద్దుట నుంచి ఎవరూ అడగని మాట. అడిగింది ఎవరో ఎరగని మనిషి.

“నేనే కట్టిన” అన్నాను.

అట్ట మీద పేరు చూసి నవ్వాడు. “నువ్వు పాట కడితే, గీ సిమెంటు ఫ్యాక్టరీ నేను కట్టిన.”

“కట్టలేదా మరి?”

“పునాది తవ్వినకాన్నుంచి ఉన్న” అని నవ్వు తగ్గించి కిటికీ వైపు తిరిగాడు. పుస్తకం తిరిగి ఇస్తూ, “నిజంగ నువ్వేనా?” అన్నాడు. నేను జవాబు చెప్పేలోపల టికెట్టు అడుగుతూ కండక్టరు వచ్చాడు. తర్వాత అతను నిద్రపోయాడు.

పెద్దపల్లిలో చాయ్ తాగి, చీకటి పడే వేళకు ప్యాసింజరు ఎక్కి ఓదెల చేరాను. మనసులో ఉన్నది ఇంతే. ఆయన దొంగ కాడు. ఇంట్లో బాగుందనుకున్నది పదిమందికి పంచాడు. నా పేరు తీయకపోవడం మర్యాద అనుకున్నాడు, నేనూ అట్లాగే అనుకుని బతికాను. ఆ మర్యాదే నన్ను మింగింది. ఆ కొట్టు మంచిది, ఆ మనుషులు మంచివాళ్లు, నా పక్కన కూర్చుని ఏడ్చారు కూడా. ఇంత మంది మంచివాళ్లు కలిసి నా నోట్లోంచి నా పాట తీసి, అది నాకే తప్పని చెప్పారు. చెడ్డవాళ్లయితే తిట్టి వచ్చేదాన్ని.

అక్కడికి పోదలచిన ఆడవాళ్లు పోండి. పట్టాల మీద చోటు అడగండి. పాట తెలిస్తే మీరే పాడండి, మగవాడి నోట పంపకండి.

శారదా, ఇంతే. ఆగు, మడత పెట్టకు. నా పేరు రాజవ్వ, మొదట పైన అది రాయి. రాసినవా? ఇప్పుడు అంతా మొదటి నుంచి చదివి వినిపించు. బాగుంటుందని నువ్వెక్కడైనా ఒక్క ముక్క కలిపావేమో, నా చెవులతో వింటాను.