పిస్తోలుకు అవ్వ పట్టు

ఆ రోజుల్లో మా వాడకు ఏ కబురు వచ్చినా ముందు నాకు బాబాయి వరుసయ్యే బర్రెల కాక చెవిలో పడి, అక్కడి నుంచే మా ఇంటికి వచ్చేది. బర్రెలను తోలుకొని పొలిమేర దాకా తిరిగే మనిషి కాబట్టి, ఊళ్లోకి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ మొదట ఆయనకే కనిపించేవారు. (కబురు ఎంత చిన్నదైనా మా గడప దగ్గరికి చేరేసరికి బర్రెంత అయ్యేది.) నా జీవితంలోని అతి పెద్ద శుభవార్తను కూడా ఆయనే తెచ్చాడు. తెచ్చిన తీరు మాత్రం చెప్పుకోవాలి. చేతిలో కర్రతో ఉరికొచ్చి, వాకిట్లో రొప్పుతూ నిలబడి, "వదినే, కొంప మునిగింది! పోలీసాయన వచ్చి నీ బిడ్డ పేరు అడుగుతుండు! ఏం జేసింది గీ పోరి?" అన్నాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, బీడీల చాట పక్కన పెట్టి లేచింది. నన్ను లోపలి అర్రలోకి నెట్టి, బయట గొళ్లెం పెట్టి, తలుపుకు అడ్డంగా కూర్చొని మళ్లీ బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఆ పోలీసాయన తాపీగా వచ్చి, మంచినీళ్లు తాగి, "మీ బిడ్డకు కానిస్టేబుల్ నౌకరి వచ్చిందమ్మా. పిల్ల మంచిదా కాదా అని అడిగి పోదామని వచ్చిన" అని చెప్పేదాకా నేను చీకట్లో వడ్ల బస్తాల మధ్యే ఉన్నాను. "మంచిదే సారూ, మస్తు మంచిది. గందుకే గొళ్లెం పెట్టిన" అంది అవ్వ.

మాది నిర్మల్ దగ్గర చిన్న ఊరు. మా వాడలో ఆడపిల్లకు నడక వచ్చాక తర్వాత వచ్చేది బీడీలు చుట్టడమే. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకే. ఆ తర్వాత మా బాపే, అంటే నాన్నే, పంతులు. నా ఒళ్లో బీడీల చాట ఉండేది, ఎదురుగా తంబాకు డబ్బాకు ఆనించి పుస్తకం ఉండేది. బాపు చదివితే నేను చుడుతూ అప్పజెప్పేదాన్ని. తర్వాత ఆయన మస్కట్ పోయినా ఫోనులోనే పాఠాలు చెప్పాడు. పదో తరగతి, ఇంటరు అలా ఇంట్లో కూర్చొనే చదివి, పరీక్షలు రాసి గట్టెక్కాను. (పాఠాల్లో తంబాకు వాసన రానిది ఒక్క ఇంగ్లీషే. అది నాకు సరిగా రాలేదు కూడా.) దేవుడు నాకు బడిని తక్కువ చేసినా అంత ఓపిక గల పంతులును ఇచ్చాడని ఇప్పటికీ పొద్దున లేవగానే దండం పెట్టుకుంటాను. అవ్వకు మాత్రం అప్పటికే చేతివేళ్ల కీళ్లన్నీ ఉబ్బిపోయాయి. తంబాకు ఘాటుకు దగ్గు పట్టుకుంది. శిక్షణకు బయలుదేరే రోజున ఆమె ముందు నిలబడి, "నేను యూనిఫారం ఏసుకొని వచ్చిన నాడు నీ చాట అటక మీదికి ఎక్కుతది అవ్వా" అని మాటిచ్చాను. "ముందు నువ్వు నిలబడు బిడ్డా, చాట ఏడికి పోతది" అని నవ్వింది. ఆ మాట నాకు మూటలో కట్టిచ్చిన సకినాల కంటే బరువుగా తోచింది.

కరీంనగర్‌లో శిక్షణ బాగానే సాగింది. పరుగులో ముందుండేదాన్ని. కవాతులో నా ఎడమ కాలు పొరపాటున కూడా కుడి కాలు కాలేదు. నా పక్క మంచం పిల్లది బెల్లంపల్లి. ఆమెను అందరం ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. బొగ్గుబాయి కార్మికుడి కూతురు, చేతులు సుత్తెల్లా ఉండేవి, నోరు అంతకంటే గట్టిది. మాకు ఆయుధాలు నేర్పే ఉస్తాద్‌కు బుగ్గల దాకా మీసాలుండేవి. ఆయన కోపం వస్తే మీసం ఎడమ కొస, నవ్వొస్తే కుడి కొస తిప్పేవాడు. నా విషయంలో చాలా రోజులు ఎడమ కొసకే పని పడింది. కారణం పిస్తోలు.

పిస్తోలు పైభాగంలో స్లైడ్ అని ఒక ఇనుప కప్పు ఉంటుంది. లోపల బలమైన స్ప్రింగు దాన్ని ముందుకు నెడుతూ ఉంటుంది. ఆ కప్పును పూర్తిగా వెనక్కి లాగి వదిలితేనే తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. అది ఎక్కకపోతే పిస్తోలు బరువైన ఇనుప ముక్క, అంతే. మొదటి రోజు ఖాళీ పిస్తోళ్లు ఇచ్చి ఉస్తాద్ "గుంజు!" అని ఆజ్ఞ వేశాడు. వరుసంతా టకటకమంది. నా దగ్గర నిశ్శబ్దం. బీడీ మూతి మడిచినట్టు బొటనవేలూ చూపుడువేలూ రెండే పెట్టి, దాని వెనక కొసను సుతారంగా పట్టుకొని లాగుతున్నాను. నా వేళ్లకు ఇంకో పట్టు తెలియదు మరి. ఉస్తాద్ నా ముందుకొచ్చి కాసేపు చూసి, "ఏమ్మా, దాన్ని గుంజుతున్నవా, బుజ్జగిస్తున్నవా?" అన్నాడు. "గుంజుతున్న సార్." "గిట్లనా? గది బీడీ కాదమ్మా, పిస్తోలు! జర జోర్ పెట్టు!" ఆయనకు నా బీడీల సంగతి ఎవరు చెప్పారా అని పక్కకు చూస్తే బెల్లంపల్లి ఆకాశంలోకి చూస్తోంది.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. బొటనవేలు వాచింది. చెబితే పనికిరాదని పంపించేస్తారేమోనని భయం. గుడ్డపీలిక చుట్టి, ట్రంకు పెట్టెలో యాదికి దాచుకున్న బీడీ దారంతోనే ముడేసి, ఆ చేతిని వీలైనంత వెనక దాచుకునేదాన్ని. ఐదో రోజున జోర్ పెట్టాలన్న తొందరలో ఆ ఖాళీ పిస్తోలును పొట్టకు ఆనించి, నడుము వంచి, పండ్లు బిగబట్టి లాగుతూ లాగుతూ నాకు తెలియకుండానే పక్కకు తిరిగిపోయాను. కళ్లు తెరిచి చూస్తే నా కుడివైపు వరుసలో ఒక్కరూ నిలబడి లేరు. అందరూ నేల మీద బోర్లా పడుకొని ఉన్నారు. ఉస్తాద్ కూడా. "సార్, ఖాళీదే సార్" అన్నాను. పడుకున్న చోటి నుంచే ఆయన, "ఖాళీదైనా నిండుదైనా, మూతి ఎప్పుడూ టార్గెట్ దిక్కే ఉండాలె! కింద పెట్టు!" అని అరిచాడు. లేచి దుమ్ము దులుపుకొని, రెండు మీసాలూ ఎడమకే తిప్పి, కోపం చల్లారాక మెల్లగా చెప్పాడు. "సూడు బిడ్డా, మంగళవారం ఫైరింగ్ పరీక్ష. ఎవరి పిస్తోలు వాళ్లే లోడ్ చెయ్యాలె. చెయ్యనోళ్లు ఇంటికి పోయి, తర్వాతి బ్యాచ్‌ల రావాలె. నా చేతుల ఏం లేదు." తర్వాతి బ్యాచ్ ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఇంటికి పోవడమంటే మళ్లీ చాట ముందు కూర్చోవడం. అదీ మాట తప్పి, అవ్వ ఎదురుగా.

ఆ సాయంత్రం నుంచి బెల్లంపల్లి నా చేతుల బాగోగులు చూసే బాధ్యత తీసుకుంది. "నీ వేళ్లేందే పిల్లా, బెండకాయల లెక్కున్నయ్. రెండు గుడ్లు ఎక్కువ తిను" అని తన గుడ్డు కూడా నా పళ్లెంలో వేసేది. రబ్బరు బంతి ఇచ్చి పిసకమనేది. పిసికితే బంతికి ఏమీ కాలేదు గానీ నా వేలు ఇంకాస్త వాచింది. చేసేది లేక కొండమీది అంజన్నకు మొక్కుకున్నాను. స్లైడ్ వస్తే ఒక కొబ్బరికాయ అన్నాను. రాకపోయేసరికి ఐదు అన్నాను. శనివారానికి అవి నూట ఎనిమిదికి చేరాయి. బెల్లంపల్లి విని, "అంజన్నను గిట్ల లంచాలతోని పరేషాన్ చెయ్యకే, ఆయన కూడ నీ స్లైడ్‌కు భయపడ్డట్టున్నడు" అంది.

ఆదివారం ఇంటివాళ్లు వచ్చి చూసే రోజు. అవ్వ వచ్చింది, తోడుగా బర్రెల కాక వచ్చాడు. దారిలో వాన పడిందట, ఇద్దరూ సగం తడిసి ఉన్నారు. గేటు పక్క వేపచెట్టు కింద కూర్చోగానే అవ్వ సర్వపిండి మూట విప్పకముందే నా చెయ్యి చూసింది. "గా దారం మనిండ్లదే గదా. వేలికి ఏమైందే?" అంది. దాచుకోవడం ఇక నా వల్ల కాలేదు. ఏడుపూ మాటలూ కలిపి అంతా చెప్పాను. కాక నెత్తి మీద చెయ్యి పెట్టుకొని, "అయ్యో బిడ్డా, నాకు సెప్తే బర్రె పాలు పంపకపోదునా" అన్నాడు. అవ్వ మాత్రం, "ఏడుపు తర్వాత ఏడ్వొచ్చు. గా ఇనుప సామాను ఎట్లుంటదో సెప్పు" అంది.

పిస్తోలు తెచ్చి చూపించలేను కదా. కాక జేబులోంచి అగ్గిపెట్టె తీసుకున్నాను. వానకు అది ఉబ్బి బిగుసుకుపోయింది. "సూడవ్వా, గీ పై డబ్బ లెక్కన స్లైడ్ ఉంటది. లోపలిది పిస్తోలు. లోపలిదాన్ని కదలకుండ పట్టుకొని పై డబ్బను ఎనక్కి గుంజాలె" అని రెండు వేళ్లతో కొస పట్టి లాగి చూపించాను. రాలేదు. బొమ్మ కాగితం మాత్రం చిరిగి నా వేళ్లలోకి వచ్చింది. అవ్వ ఆ అగ్గిపెట్టె తీసుకుంది. కీళ్లు ఉబ్బి సగమే మూసుకునే తన ఎడమ చేతిని పై డబ్బ మీద నుంచి బోర్లించి, వేళ్లన్నీ, అరచెయ్యీ కలిపి కప్పేసింది. ఆ చేతిని అసలు కదపలేదు. మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, కుడిచేత్తో లోపలి డబ్బను ఒక్క నూకు నూకింది. అగ్గిపుల్లలు కాక ఒళ్లో పడ్డాయి.

"పై డబ్బ ఎనక్కి రాకపోతే లోపలిదాన్ని ముందటికి నూకు. రెండూ ఒక్కటే గదనే" అంది అవ్వ. "ఒకదాన్ని నిలబెట్టాలె, ఒకదాన్ని నూకాలె. వేళ్లతోని ఎందుకు కొట్లాడుతవ్? ఒళ్లు ఉన్నది దేనికి? నా చేతులు బందైనంక నేను కత్తెర ఎట్ల పడుతున్న? సూడలేదా నువ్వు?"

చూశాను. ఏళ్ల తరబడి ఎదురుగా కూర్చొని చూశాను. తునికాకు కత్తిరించేటప్పుడు అందరిలా అవ్వ కత్తెరను పిసకదు. కింది పిడిని పీట మీద ఆనించి నిలబెట్టి, పై పిడి మీద మణికట్టు దగ్గరి అరచెయ్యి పెట్టి, భుజంతో ఒరుగుతుంది. నొప్పి ఆమెకు నేర్పిన విద్య అది. నా ఎదురుగానే రోజూ జరుగుతున్న పాఠాన్ని నేను పాఠమనుకోలేదు, ఎందుకంటే అది పుస్తకంలో లేదు. ఇంతలో గేటు కాపలా సంత్రీ వచ్చి, "ఇక్కడ బీడీలు తాగొద్దు, అగ్గిపెట్టె లోపల పెట్టు పెద్దమనిషీ" అన్నాడు. "తాగుతలేం సారూ, పిస్తోలు నేర్పుతున్నం" అన్నాడు కాక గంభీరంగా. అవ్వ లేస్తూ నా మొక్కుల లెక్క విని, "నూట ఎనిమిదా! ఆయన కొబ్బరికాయల దుకాణం పెడ్తడా ఏంది? ఒక్కటి కొట్టు, మనసుతోని కొట్టు" అని తేల్చేసింది. ఆ ఒక్క మాటతో అంజన్నకూ నాకూ పెద్ద భారం తగ్గింది.

సోమవారం అభ్యాసంలో ఉస్తాద్ ముందు నిలబడ్డాను. మూతి టార్గెట్ వైపు. ఎడమచెయ్యి స్లైడ్ మీద బోర్లించి నిండుగా పట్టాను. మోచేతులు పక్కటెముకలకు ఆనించాను. మనసులో అంజన్నను, కళ్ల ముందు కత్తెర పీటను తలుచుకొని, లాగడం మానేసి, కుడిచేత్తో పిస్తోలును ముందుకు నూకాను. టక్! అంత తియ్యటి చప్పుడు నేను అంతకు ముందు వినలేదు. నమ్మకం కుదరక మళ్లీ నూకాను. టక్! పక్కన బెల్లంపల్లి క్రమశిక్షణ మరిచి ఈల వేసింది. ఉస్తాద్ దగ్గరికొచ్చి, "నిన్నటి దాక రానిది ఇయ్యాల ఎట్ల వచ్చింది? ఎవరు నేర్పిండ్రు?" అన్నాడు.

"మా అవ్వ, సార్."

"ఏ బెటాలియన్?"

"బీడీల బెటాలియన్, సార్."

ఆయన మీసం కుడి కొస మెల్లగా పైకి లేచింది. అప్పుడే నా వేలి కట్టు కూడా ఆయన కంటపడింది. "దెబ్బ తగిలితే సెప్పాలె బిడ్డా. దాచుకుంటే నేర్పెటోనికి ఎట్ల తెలుస్తది? నేను గుంజు గుంజు అని ఒర్రుడు తప్ప నీ చెయ్యి సూడనే లేదు" అన్నాడు. తప్పు నాది కూడా కదా అనుకుంటుంటే, ఆయన వరుస వైపు తిరిగి, "చేతులు నొచ్చెటోళ్లు ఇంకెవరున్నరు? సిగ్గుపడకుండ ముందుకు రండ్రి" అన్నాడు. ఆరుగురు వచ్చారు. (ఆరుగురు! నేనొక్కదాన్నే అనుకొని అన్ని రోజులు ఏడ్చాను.) వాళ్లందరికీ ఆయన నా చేతే చూపించాడు. ఆ రోజు నుంచి మా బ్యాచ్‌లో దానికి 'అవ్వ పట్టు' అని పేరు పడింది.

మంగళవారం పరీక్షలో నా పిస్తోలు నేనే లోడ్ చేశాను. అందరిలాగే ఐదు తూటాలు కాల్చాను. నా టార్గెట్ మీద నాలుగే రంధ్రాలున్నాయి. బెల్లంపల్లి టార్గెట్ మీద ఆరున్నాయి. ఉస్తాద్ రెండింటినీ మార్చి మార్చి చూసి, "బెల్లంపల్లీ, నీకు దోస్తులు మంచిగనే ఉన్నరు" అన్నాడు. నాలుగు చాలు, గట్టెక్కాను. యూనిఫారంలో ఇంటికి పోయిన రోజు బర్రెల కాక "పోలీసామె వస్తుంది, పోలీసామె వస్తుంది" అని నాకంటే ముందే ఉరికి చెప్పాడు. నేను నిచ్చెన వేసి చాటను అటక మీద పెడుతుంటే అవ్వ కింద నిలబడి, "కత్తెర మాత్రం ఉంచు, కూరగాయలకు పనికొస్తది" అంది. అంజన్నకు ఒక్క కొబ్బరికాయే కొట్టాను, అవ్వ చెప్పినట్టే మనసుతో.

ఇప్పుడు నా తలలోనూ తెల్ల వెంట్రుకలు వచ్చాయి. చలికాలంలో నా బొటనవేలి కీలు కూడా పొద్దున్నే పలకరిస్తుంది. ఏటా ఫైరింగ్ అభ్యాసానికి కొత్త పిల్లలు వచ్చినప్పుడు, ఎవరో ఒకమ్మాయి చెయ్యి వెనక దాచుకొని నిలబడుతుంది. ఆమెలో ఆనాటి నేనే కనిపిస్తాను: దేవుడితో కొబ్బరికాయల బేరమాడుతూ, రెండు వేళ్లతో ఇనుమును బుజ్జగిస్తూ, ఎదురుగా ఉన్న పంతులమ్మను గుర్తుపట్టని ఆ పిచ్చిపిల్ల. నవ్వొస్తుంది, జాలేస్తుంది, దగ్గరికి పోయి చెయ్యి చూపించమంటాను. ఇంటి దగ్గర అవ్వ వేళ్లు ఇప్పుడు పూర్తిగా తెరుచుకోవు. దువ్వెన పట్టలేదు, జడ నేనే వేస్తాను. అయినా నేను డ్యూటీకి బయలుదేరుతుంటే మంచం మీద నుంచి, "గా అగ్గిపెట్టె మంచిగ పనిజేస్తుందా?" అని అడుగుతుంది. పిస్తోలు అనే మాట ఆమె నోట ఇంతవరకు రాలేదు.

ఇది చదివిన అక్కలకు, అన్నలకు ఒక్కటే మనవి. ఈ సాయంత్రం దీపం ముట్టించబోతే వాన తేమకు అగ్గిపెట్టె బిగుసుకుపోయిందనుకోండి. వేళ్లతో కొట్లాడకండి. పై డబ్బను నిలబెట్టి, లోపలిదాన్ని నూకండి. దీపం వెలిగాక మా అవ్వను ఒక్కసారి యాది చేసుకోండి.