వదిన మీద పడ్డ మాట

నా చిన్నప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా మింగేశాను. దాని బరువు మా వదిన ఇన్నేళ్లూ మోసింది. అది ఉన్నదున్నట్టు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది బయ్యారం దగ్గర ఒక పల్లె. చెరువు కింద వరి పొలం. మా పెద్దమ్మ, అంటే మేం పెద్దబాపు అని పిలిచే పెద్దనాన్న భార్య, బడి లేని రోజుల్లో నీళ్లు కట్టడానికి పోతూ నన్ను వెంటబెట్టుకునేది. ఒకనాడు పొద్దున్నే కాలువ కొసన ఉన్న మడి చూపించి, పచ్చగా ఉందా అని అడిగింది. ఉందన్నాను. మిట్టమధ్యాహ్నం మళ్లీ అక్కడికే తీసుకుపోయింది. ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి.

"కాలువల ఒండ్రు పేరుకున్నది బిడ్డా. నీళ్లు సన్నగ వస్తున్నయ్. సల్లటి పూట గవే సరిపోతయ్. ఎండ ముదిరితెనే తక్కువైనయని తెలుస్తది," అని పార అందుకుంది.

ఆ ఏడాది నారు కట్టలు నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కేటప్పుడు పెద్దమ్మ ఆగిపోవడం మొదలైంది. కాల్లో ముల్లు దిగిందని కూర్చునేది. ముల్లు లేదని నాకు తెలుసు. దవడ పట్టుకునేది, ఎడమ చెయ్యి పిసుక్కునేది. నుదుటి నిండా చెమట. కాసేపటికి తగ్గేది. కొంగుముడిలోంచి లవంగం తీసి పంటి కింద పెట్టుకుని లేచేది.

"పెద్దబాపుకు చెప్పకురా. పన్ను పీకిపిస్తడు. గప్పుడు నేను నవ్వితె నువ్వే ఎక్కిరిస్తవ్," అనేది.

నేను నవ్వి, చెప్పనని మాట ఇచ్చాను.

నాట్ల నడుమ, పెద్దమ్మ కొడుకైన మా అన్నను కట్టుకుని కొత్తగా కాపురానికొచ్చిన వదినకు జ్వరం తగిలింది. ఆమె మోయాల్సిన కట్టలు కూడా పెద్దమ్మే ఎత్తుకుంది. గట్టు మీదే కూలిపోయింది. మానుకోట దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

శవం వాకిట్లో ఉండగానే ఒకామె అంది: "కోడలు ముసుగు తన్ని పండె, అత్త కట్టలు మోసె. మంచిగున్న మనిషి గుండాగి పాయె."

అందరూ తలలూపారు. మంచిగున్న మనిషి కాదని నాకొక్కడికే తెలుసు. నోరు తెరిస్తే, ముందే ఎందుకు చెప్పలేదని పెద్దనాన్న అడుగుతాడని భయపడ్డాను. వదిన గోడవారన వణుకుతూ కూర్చుంది. పెద్దనాన్న బతికినంత కాలం ఆమె చేతి మంచినీళ్లు ముట్టలేదు. ఆమె మళ్లీ ఎప్పుడు జ్వరమొచ్చినా పని మానలేదు, మంచమెక్కలేదు.

ఉద్యోగరీత్యా నేను జనగామలో స్థిరపడ్డాను. పోయిన వేసవిలో స్టేషన్ మెట్లెక్కుతుంటే నాకూ దవడ లాగింది. నేనూ పంటి నొప్పే అనుకుని పంటి డాక్టరు దగ్గరికి పోయాను. పళ్లు బాగానే ఉన్నాయని ఆయన గుండె డాక్టరు దగ్గరికి పంపాడు. ఆ డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. ఒళ్లంతటికీ రక్తం పంపే గుండె కండరానికి కూడా రక్తం కావాలట. అది తెచ్చే సన్నని నాళాలు నాకు పూడుకుపోతున్నాయట. కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం మెట్లెక్కితే చాలదట. ఆ నొప్పి ఒక్కొక్కరికి దవడలో తెలుస్తుందట. ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు, ఏళ్లుగా పేరుకునేదే అంది. నాకు తెర మీద ఆ ఎండిన మడే కనిపించింది. ఆ తర్వాత ఆమె చెప్పినదేదీ వినలేదు.

స్టెంటు వేశాక, కాస్త తిరగగలిగిన వెంటనే ఊరికి పోయాను. అరుగు మీద అన్న, వాడకట్టు వాళ్లు కొందరు ఉన్నారు. ఆ నింద పదిమందిలో పడింది గనుక పదిమందిలోనే అంతా చెప్పాను. అన్న తలెత్తలేదు. వదిన గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది.

"గప్పుడు నువ్వు పోరనివి మరిదీ. నీకేం ఎరుక," అంది.

"పోరన్నే. కానీ పెద్దోణ్నయినంక గూడ నోరు తెరవలే వదినా. నీకు జ్వరమొచ్చుడు తప్పు గాదు, నేను చెప్పకపోవుడే తప్పు. నన్ను మన్నించు," అన్నాను.