పచ్చిపులుసుకు మూడు స్టార్లు

ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతికితే జీతమిచ్చే ఉద్యోగం నాది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్. ఏళ్ల తరబడి అదే పని చేయడంతో ఎక్కడికెళ్లినా ముందు తప్పే కనపడుతుంది. పెళ్లికి వెళితే వధూవరుల కంటే ముందు పందిట్లో వంకరగా నిలబెట్టిన గుంజ కనపడుతుంది. ఇల్లు గడిచేది ఈ గుణం వల్లనే కదా అని మా ఆవిడ ఓర్చుకుంటోంది. మెస్సులో అక్క మాత్రం ఓర్చుకోలేదు.

ఆ మెస్సు మా ఆఫీసు అద్దాల భవనాల వెనక సందులో ఉంది. ఎనిమిది బల్లలు, స్టీలు కంచాలు. మెడలో కంపెనీ ట్యాగు ఉన్నవాళ్లు అది పప్పులో మునగకుండా జేబులో దోపుకుని తింటారు. వాళ్ల పక్కనే క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ వాళ్లు. గల్లా దగ్గర అక్క భర్త కూర్చుంటాడు, ఆయన్ని అందరూ అన్నా అంటారు. వంటా వడ్డనా అక్కవి. పాలమూరు వైపు మనిషి. మెనూ అంటూ ఏమీ లేదు, ఆ రోజు ఆమె వండిందే భోజనం. ఇక చాలంటే వినదు. "గింతేనా తమ్మీ తినేది? గా మిషన్ల ముంగట ఎట్ల కూసుంటవ్ సాయంత్రం దాంక?" అంటూ ఇంకో గరిటె అన్నం వేసేస్తుంది.

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. నెత్తి మీద జుట్టు పలచబడింది. ఆఫీసులో నిన్నగాక మొన్న చేరిన పిల్లలు కూడా పేరు పెట్టి పిలుస్తారు, అదే పద్ధతట. మణికొండలో మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కి నేను ఫ్లాటు నంబరుని. కడప వదిలి వచ్చాక ఈ ఊళ్లో నన్ను వరస పెట్టి పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమో అది పోయేదాకా తెలియలేదు.

పోగొట్టుకున్నది చేతులారా నేనే. ఒక మధ్యాహ్నం మెస్సులో తిని, ఎట్లుందని అక్క అడిగితే బాగుందని చెప్పి వచ్చి, మీటింగు మొదలయ్యేలోపు ఊరికే ఉండలేక ఫోన్లో ఆ మెస్సుకు రివ్యూ రాశాను. ఎవరూ అడగలేదు. గాలికి పోయే కంపను తగిలించుకోవడం నాకు మొదటినుంచీ అలవాటే. ఆఫీసులో రాసే ధోరణిలోనే రాశాను: "పచ్చిపులుసులో ఉప్పు నిలకడగా లేదు. మంగళవారం ఎక్కువ, గురువారం తక్కువ. మూడు వారాలు పరిశీలించాను. కొలత చెంచా వాడితే సమస్య తీరుతుంది." మూడు స్టార్లు ఇచ్చాను. పక్కన నా పేరు, టై కట్టుకున్న ఫోటో. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనని అప్పుడు తట్టలేదు. పైగా మంచి సలహా ఇచ్చానని సంతోషపడ్డాను.

మర్నాడు వెళ్లేసరికి అన్న ఫోను చూసి నన్ను చూశాడు, నన్ను చూసి మళ్లీ ఫోను చూశాడు. అక్క వచ్చి కంచం పెట్టింది.

"ఏం పెట్టమంటరు సార్?" అంది.

కంచం పక్కన ఒక చిన్న గిన్నె కూడా పెట్టింది. దాన్నిండా ఉప్పు. అందులో దగ్గు మందు సీసాతో వచ్చే తెల్ల ప్లాస్టిక్ చెంచా గుచ్చి ఉంది. అన్ని బల్లలూ చూశాను. ఆ మర్యాద నాకొక్కడికే.

రోజూ నా ఎదురుగా కూర్చునే క్యాబ్ డ్రైవర్ ఆ గిన్నె వైపు జాలిగా చూశాడు. "ఏంది సార్, బీపీ డౌన్ అయితుందా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేం చెప్పను.

అన్నం చాలంటే ఆమె నిజంగానే ఆపేసింది. జీవితంలో మొదటిసారి ఆ మెస్సులో అర్ధాకలితో లేచాను.

ఆ రాత్రే రివ్యూ మార్చి ఐదు స్టార్లు ఇచ్చాను. "అమృతం" అని కూడా రాశాను. మర్నాడు అన్న "థ్యాంక్యూ సార్" అన్నాడు. అదింకా అన్యాయం. ఉప్పు గిన్నె కదల్లేదు. పోనీ అని రెండు రోజులు రోడ్డు మీది ఏసీ హోటల్లో తిన్నాను. అక్కడ ముద్ద ముద్దకీ సార్ అన్నారు, ఏమీ అనిపించలేదు. ఆమె సార్ అంటే మాత్రం ఆ పూట తిన్నట్టే ఉండదు. ఉన్నమాట చెప్పాలంటే, ఏడుపొచ్చినంత పనయింది.

మళ్లీ మెస్సుకే పోయాను. డ్రైవర్ అప్పటికే గొడవ పెట్టుకుని ఉన్నాడు.

"అక్కా, గిది పప్పా, నీళ్లా?"

"నీళ్లనుకుంటే తాగు తమ్మీ, నమలకు" అంటూనే ఆమె వాడి కంచంలో ఇంకో గరిటె చిక్కటి పప్పు వేసింది.

వాడు రోజూ ఇలాగే వంకలు పెడతాడు. అది మోటుతనమని ఇన్నాళ్లూ లోలోపల నవ్వుకున్నాను. వాడు నాకంటే ఎక్కువ తప్పులు పట్టాడు. అయినా తమ్మీగానే ఉన్నాడు.

పచ్చిపులుసు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు లేదు. చెయ్యి గిన్నె వైపు పోయింది. చెంచా పట్టుకుని కూడా వదిలేశాను.

"అక్కా, పులుసులో ఉప్పే లేదు. ఎట్లక్కా తినేది?"

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పక్క బల్లల వాళ్లు నమలడం ఆపారు. అక్క వచ్చి నా ఎదురుగానే అరచేతిలో పులుసు పోసుకుని నాకి చూసింది.

"లేదు. మర్చిపోయిన" అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "ఇగ గిదే మాట గా దినం చెప్తే ఏం పోతుండె? నా ముంగట కూసొని తిన్నవ్, మంచిగున్నదన్నవ్. పోయి ఊరందరికి చెప్పినవ్. నేనొక్కదాన్నే కానిదాన్నయిననా?"

తప్పయిందక్కా అన్నాను. ఆమె ఉప్పు గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు నేను కూర్చోకముందే వంటగది గుమ్మంలోంచి పిలిచింది. "జర గిటు రా. చెయ్యి పట్టు."

పట్టాను. గరిటెతో పులుసు పోసింది. "ఉప్పు చూడు."

వృత్తిధర్మం వదలకుండా రెండుసార్లు రుచి చూశాను. "కొంచెం ఎక్కువైందక్కా."

"ఎక్కువ లేదు, ఏం లేదు. నీకు నాలుకే సక్కగ లేదు" అంటూ పులుసు గిన్నె ఎత్తుకుంది. "పోయి కూసో తమ్మీ."

వెళ్లి కూర్చున్నాను. ఉప్పు ఎక్కువే. రెండోసారి కూడా పోయించుకున్నాను.