కుబాత్ బైకే చెయ్యి పెట్టిన లైబ్రరీ

కడుగుడు పనంటే జిపార్ ఎప్పుడూ ముఖం చిట్లించలేదు. నరీన్ కొండల్లో వాళ్ళమ్మ గుర్రం పాలు పులియబెట్టే తోలుసంచిని కడిగి, పొగబెట్టి, మళ్ళీ కడిగేది. ఒక్కసారి బద్ధకించినా పాలు కంపుకొట్టేవి. ఆ అమ్మ కూతురు రాజధాని బిష్కెక్ వచ్చి, మొబైల్ యాప్‌లు రాసే ఉద్యోగంలో చేరి, చివరికి చేస్తున్నదీ అలాంటి పనే. ఏ యాప్‌నీ ఎవరూ మొత్తం సొంతంగా రాయరు. ఎవరో ముందే రాసి ఉంచిన కోడ్ మూటలుంటాయి, వాటినే లైబ్రరీలంటారు. మ్యాపుకి ఎవరిదో లైబ్రరీ, గంట మోగించడానికి ఇంకెవరిదో లైబ్రరీ తెచ్చి అతికిస్తారు. వాటిని రాసినవాళ్ళు లోపాలు దిద్దుకుంటూ కొత్త వెర్షన్లు వదులుతుంటారు. పాతది తీసి కొత్తది పెట్టి, ఎక్కడా ఏదీ చెడలేదని చూసుకోవడం జిపార్ పని. అది సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు మెచ్చుకునేవాడు ఎవడుంటాడు?

మెచ్చుకోకపోతే మానె, చేయనిచ్చినా బాగుండేది.

వాళ్ళ యాప్ లారీ డ్రైవర్ల కోసం. తూ-అషూ కనుమలో మంచు జారి దారి మూసేస్తే డ్రైవర్ ఫోన్‌లో గంట మోగాలి, అతను కిందే ఆగిపోవాలి. జిపార్ మొగుడు మెలిస్ ఓష్ నుంచి బిష్కెక్‌కి ఉల్లిపాయల లారీ నడుపుతాడు. చలికాలమంతా ఆ కనుమ దాటడమే అతని బతుకు. అందుకే తక్కిన లైబ్రరీలు ఎలా ఉన్నా, ఆ గంట లైబ్రరీ మీద మాత్రం ఆమె ప్రాణం కొట్టుకుంటూ ఉండేది.

ఖర్మ కొద్దీ డైరెక్టర్ చెయ్యి పెట్టింది సరిగ్గా దానిలోనే. వయసులో పెద్దవాడు కాబట్టి ఆఫీసంతా ఆయన్ని అన్నగారూ అన్నట్టు కుబాత్ బైకే అంటుంది. కంపెనీ ఇంకా అద్దెగదిలో ఉన్న రోజుల్లో ఆయనే కోడ్ రాసేవాడు. అప్పుడు ఆ లైబ్రరీని విప్పి, లోపల తన లైన్లు నాలుగు ఇరికించి, పైన ‘ముట్టుకోవద్దు. కుబాత్’ అని రాసిపెట్టాడు. కొత్త వెర్షన్ తెస్తే ఆ లైన్లు కొట్టుకుపోతాయి. కాబట్టి కొత్తది రాదు. ఈలోగా ఫోన్లు మారిపోయాయి. కొత్త ఫోన్లు బ్యాటరీ మిగుల్చుకోవడానికి వాడని యాప్‌లని నిద్రపుచ్చుతాయి, నిద్రపోయిన యాప్ గంట మోగించదు. లైబ్రరీ రాసినవాళ్ళు దీనికి ఎప్పుడో మందు వేశారు. ఇక్కడ మాత్రం పాతదే కుళ్ళుతోంది. పెద్దవాడు రాసిన లైన్ తీసేయడమంటే నలుగురిలో ఆయన టోపీ ఊడబెరికినట్టేనని అందరికీ భయం.

జిపార్ భయపడకుండా ఆయన గదికి వెళ్ళింది.

“బైకే, మీ లైన్లు చేసే పని ఇప్పుడు ఆ లైబ్రరీయే చేస్తోంది. కొత్తది పెట్టి చూశా. అన్ని ఫోన్లలోనూ మోగుతోంది. మీరు ఊఁ అంటే యాప్‌లోకి ఎక్కించేద్దాం.”

“నా ఫోన్లో మోగుతోంది కదమ్మా?”

“మీది పాత ఫోన్ బైకే. కొత్తవాటిలో మోగట్లేదు.”

“అయితే కొత్త ఫోన్లలోనే ఏదో తేడా ఉంది. నడిచేదాన్ని కెలకడం దేనికి? మీ ఆడవాళ్ళకి ఇల్లు సర్దే జబ్బు ఆఫీసుకొచ్చినా వదలదు!” అని తన మాటకి తనే నవ్వాడు.

బయటికొస్తే ఆమె జూనియర్ ఎర్నిస్ ఎదురయ్యాడు. లైబ్రరీలు పాతబడితే తెర మీద ఎర్రగా హెచ్చరికలు వస్తుంటాయి. ఆ కుర్రవాడు అవి అసలు రాకుండానే ఆపేశాడు.

“చూశావా ఎజె, ఎంత శుభ్రంగా ఉందో! ఒక్క ఎరుపూ లేదు,” అన్నాడు, అక్కా అని పిలిచే చనువుతో.

“ముక్కు మూసుకుంటే కంపు పోతుందిట్రా?”

“బైకే అయితే బాగుందన్నారు,” అన్నాడు వాడు పళ్ళికిలిస్తూ. ఆమెకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

జనవరిలో కంపెనీ పుట్టినరోజు వచ్చింది. ఊరి చివర హోటల్లో మధ్యాహ్నం విందు. పెద్దవాడికిచ్చే మర్యాదగా గొర్రె తలకాయ పళ్ళెం కుబాత్ బైకే ముందు పెట్టారు. ఒక్కొక్కరే లేచి, గ్లాసు పట్టుకుని, ఆయన దూరదృష్టి గురించి మాట్లాడుతున్నారు. నిన్నటిదాకా పొగతాగే మూల ఆయన్ని తిట్టిన నోళ్ళే. జిపార్ తన పళ్ళెం పక్కకి నెట్టింది. కిటికీ బయట మంచు దట్టంగా పడుతోంది, మెలిస్ ఆ పూటే కనుమ దాటాలి.

అప్పుడు గంట మోగింది. కుబాత్ బైకే జేబులో, ఒక్క ఫోనే. కనుమలో మంచు జారింది, దారి మూసేశారు.

“విన్నారా!” అంటూ ఆయన ఫోన్ పైకెత్తి చూపించాడు. “ఎన్నేళ్ళయినా నా పని ఇదీ!”

బల్ల నిండా కొత్త ఫోన్లున్నాయి. అన్నిటిలోనూ అదే యాప్ ఉంది. ఒక్కటీ కిక్కురుమనలేదు. వాటిని అక్కడ పెట్టుకున్నవాళ్ళు, వాటిని చూస్తూనే, చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా ఎర్నిస్ కొట్టాడు. ఛీ, మనుషులేనా వీళ్ళు అనుకుంది జిపార్. కోట్లు తగిలించే చోటుకి పరుగెత్తి మెలిస్‌కి ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావ్?”

“సూసమీర్లో, కనుమ కింద టీ కొట్లో. పైన దారి మూసేశారంట.”

ఆమె గోడకి జారబడింది. “అయితే యాప్ మోగిందా?”

“ఆ యాప్ నా ఫోన్లో లేదు జిపార్.”

“లేకపోవడమేంటి?”

“పోయిన చలికాలం బోలోత్ లారీ మంచులో కూరుకుపోయింది కదా? అప్పుడు ఎవరికీ గంట మోగలేదు. వాడు దేవుడి దయవల్ల బయటపడ్డాడు. ఆ రోజే డ్రైవర్లందరం దాన్ని తీసేశాం. ఇప్పుడు ఈ టీ కొట్టావిడకే ఫోన్ చేసి అడుగుతాం. నువ్వు రాత్రీపగలూ దానిమీదే కూర్చుంటావ్, బాధపడతావని చెప్పలేదు. నీ తప్పేం లేదులేవే.”

మొగుడు క్షేమం, అంతవరకూ మనసు కుదుటపడింది. ఆ వెనకే రోత ముంచుకొచ్చింది. వాళ్ళ మీద సరే, వాళ్ళలో ఒకడు ఊఁ అంటాడని ఇన్నాళ్ళూ కాచుక్కూర్చున్న తన మీద కూడా. కట్టుకున్నవాడే నమ్మని గంటకి తను కాపలా కాసింది.

లోపలికి రాగానే కుబాత్ బైకే చెయ్యి ఊపాడు. “రావమ్మా, నీ వంతే మిగిలింది. నాలుగు మంచి మాటలు చెప్పు.”

జిపార్ గ్లాసు తీసుకుని నిలబడింది.

“ఇందాక మోగింది మీ ఒక్కరి ఫోనే బైకే. ఇక్కడున్న అందరూ చూశారు, చూసి చప్పట్లు కొట్టారు. మా ఆయన మాత్రం మీ యాప్‌ని ఏడాది కిందటే తీసి పారేశాడు. టీ కొట్టావిడ మాట నమ్మి ఆగాడు కాబట్టి బతికున్నాడు. మీ యాప్ కూడా నూరేళ్ళు బతకాలి, ఎవరి ఫోన్లోనూ లేకుండా.”

గ్లాసు ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, ఆమె కోటు కోసం వెళ్ళింది. ఆమె వెనక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.