వాసన లేని పరీక్ష

ఉద్యోగం చేసినంత కాలం, మిగిలిన కరెంటు ఎక్కడికి పోతుందో చూడడమే నా పని. రిటైరై తిరుపతిలో స్థిరపడ్డాక, ఊరి చివరనున్న ఒక చిన్న కంపెనీ వాళ్లు సలహాదారుగా రమ్మన్నారు. నరాల నొప్పికి ఒంట్లో అమర్చే పరికరం తయారుచేస్తున్నారు. అగ్గిపెట్టె కంటే చిన్నది. చర్మం కింద ఉండి నరానికి సన్నగా కరెంటు తాకిస్తూ ఉంటే, నొప్పి మెదడు దాకా పోకుండా మసకబారుతుంది.

దాని బ్యాటరీని బయటినుంచే ఛార్జి చేయాలి. చర్మం మీద ఒక తీగచుట్ట పెడితే, లోపలి చుట్ట ఆ శక్తిని అందుకుంటుంది. వచ్చినదాన్ని బ్యాటరీకి ఎంత, నరానికి ఎంత అని పంచే సర్క్యూటు మా వంతు. చెరువుకు మరవ ఉన్నట్టు, మిగులు పోయే దారి కూడా అందులో ఉండాలి. మరవ దాటిన నీళ్లు వాగులో పడతాయి. ఒంట్లో వాగు లేదు. మిగిలిన కరెంటు వేడిగా మారి పక్కనున్న కండలోకే పోతుంది. ఆ వేడికి ఒక హద్దుంది. దాటితే కండ దెబ్బతింటుంది.

ఆ పరికరం మొదట అమర్చుకోబోయేవాళ్లలో నా తమ్ముడు ఒకడు. ఐరాల దగ్గర సేద్యం చేస్తాడు. ట్రాక్టరు బోల్తాపడి నడుము దెబ్బతిన్నప్పటినుంచి ఎడమకాలు నిప్పుల్లో పెట్టినట్టు మండుతుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు. ఈ సంగతి కంపెనీలో అందరికీ మొదటే చెప్పాను.

ఎండాకాలంలో చేసిన వేడి పరీక్ష హద్దు దాటింది. సర్క్యూటు గీసే చిత్తూరు అమ్మాయి మిగులు దారిని మార్చి గీసింది. మార్పు మంచిదే, కానీ నా లెక్క ప్రకారం వేడి కొంచెమే తగ్గాలి. కొత్త పరీక్షలో సగానికి పైగా పడిపోయింది. యజమాని ఆ పూటే ఆసుపత్రికి ఫోన్ చేసి పరికరం సిద్ధమని మాట ఇచ్చేశారు. ఆ రోజు డైరీలో ఒక్క మాటే రాసుకున్నాను: నమ్మను.

"సెన్సారు ఊడిందేమో చూశావా అమ్మా?" అని మర్నాడు ఆ అమ్మాయిని అడిగాను.

"రీడింగు రెండుసార్లు చూసినాను సార్."

"మీటరు?"

"కొత్తది. మీరే కదా సార్ తెప్పించమనింది." కుర్చీ నావైపు తిప్పింది. "మంచి రిజల్టు వస్తే మీకు జరం వస్తాదా సార్?"

ఎవరో అంకె దిద్దారని నా అనుమానం. మొదట ఆమె మీద, తర్వాత యజమాని మీద. ఆయన టీ తెప్పించి, "మీ తమ్ముడి కోసమైనా తొందరపడాలి కదండీ" అన్నారు. అంత మర్యాద దేనికా అని దానిమీదా అనుమానమే. నా కళ్లముందు పరీక్ష మళ్లీ చేయాలని పట్టుబట్టాను.

మామూలుగా ఆ పరీక్షకు కొవ్వుతో ఉన్న పెద్ద మాంసం ముక్క తెస్తారు. ఒంటి వేడికి కాచి, పరికరాన్ని మధ్యలో దూర్చి, మూతపెట్టిన డబ్బాలో ఛార్జి చేస్తారు. పరీక్ష రోజున నడవా అంతా కసాయి అంగడి వాసనే. వీధికుక్క గేటు దగ్గర పడిగాపులు కాసేది. ఆ రోజు కుక్క ఎదురుగా టీకొట్టు నీడలో హాయిగా పడుకుంది. లోపల కర్పూరం వాసన తప్ప మరొకటి లేదు.

టెక్నీషియన్ నుదుటిన నామం పెట్టుకుని డబ్బా ముందు నిలబడి ఉన్నాడు. చేతిపని శుభ్రంగా చేసే మనిషి.

"మూత తియ్యప్పా."

"ఏంటికి సార్? అంతా అమర్చేసినాను."

"తియ్యి."

తీశాడు. తెల్లగా, తడిగా, బూడిద గుమ్మడికాయ ముక్క.

"పెరటాసి, స్వామి నెల కదా సార్. శనివారం శనివారం కొండకు నడిచి పోతా ఉండా. నీచు ముట్టకూడదు," అన్నాడు. "ఉప్పునీళ్లలో బాగా నానేసినాను. మనిషి ఒళ్లు మాత్రం నీళ్లు కాదా?"

"నాకు చెప్పుంటే నేను చూసుకోనా అన్నా?" అని అమ్మాయి అరిచింది.

"నువ్వు కోసేదానివా? నువ్వూ ఈ నెల తినేది లేదు కదమ్మా. పోయినసారీ డబ్బా దగ్గరికే రాలేదు, ఆడ నిలబడి మీటరు చూసి పోయినావు."

పెరటాసిలో మా ఇంట్లోనూ పొయ్యి మీద నీచు ఎక్కదు. డబ్బాలో ఏముందని ఆ నెల మాలో ఎవరం అడగలేదు.

గుమ్మడికాయ అంతా నీరు. ఎంత వేడినైనా తాగేస్తుంది. మనిషి చర్మం కింద కొవ్వుంటుంది, అది వేడిని కదలనివ్వదు.

మాంసానికి నేనే పోయాను. అంగడి ఖాళీగా ఉంది.

"పెరటాసిలో మీరా సార్?" అన్నాడు అంగడతను.

"కొవ్వుతో కలిపి ఇవ్వు."

"డాక్టర్లు కొవ్వు తగ్గించమంటా ఉంటే, మీరు కొవ్వే అడగతా ఉండారే!"

సంచిని కాగితాల కింద దాచుకుని తెచ్చాను. టెక్నీషియన్ బయటికి పోయి నిలబడ్డాడు. కోయడం, అమర్చడం నేను చేశాను. అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని పక్కనే ఉండి చూసింది. వేడి హద్దు దాటింది. కుక్క గేటు దగ్గరికి వచ్చింది.

"మరవ ఎంత పెద్దది చేసినా లాభం లేదు సార్," అంది అమ్మాయి. "చెరువులోకి వచ్చే నీళ్లనే తగ్గించాల. చాలు అని లోపలినుంచి బయటి చుట్టకు చెప్పే సర్క్యూటు గీస్తాను."

అది నెలల పని. యజమాని ఆసుపత్రికి మళ్లీ ఫోన్ చేయవలసి వచ్చింది. ఐరాలకు నేను పోయాను.

తమ్ముడు వరండాలో మంచం మీద కాలు బయటపెట్టుకుని కూర్చున్నాడు. అంతా విన్నాడు.

"అయితే ఇంకా ఎన్నాళ్లన్నా?"

"చెప్పలేను."

"గుమ్మడికాయకు పెట్టుంటే సల్లగా ఉండేదన్నమాట." నవ్వబోయి నడుము పట్టుకున్నాడు. "నువ్వు యాడ ఎవురిని నమ్మినావులే. నాకు ఈత వచ్చిందంటే, నన్ను దూకనీకుండా ముందు నువ్వే బావిలోకి దిగి సూసినోడివి."

ఎడమకాలి వైపు చూసుకున్నాడు. తర్వాత, "ఆ పొద్దు దూకుంటే ఇంత నొప్పి లేకుండా పోయేది," అన్నాడు. నవ్వలేదు. "సరే, నువ్వు నమ్మినాకనే కోయించుకుంటా. అంతవరకు రోజూ పోయి సూడు. మాంసం కావాలంటే పొట్టేలు నేనిస్తా."

ఫ్యాను గాలికి దుప్పటి అంచు ఆ కాలిమీదికి జారబోయింది. ఇద్దరం ఒక్కసారే చెయ్యి చాచాం.