కత్తిరించిన ఆకు కొసలు

ఆఫీసులకు మొక్కలు అద్దెకిచ్చే కంపెనీలో ఆమెది నీళ్లు పోసే పని. ఆ నాలుగంతస్తుల మేడలో అందరూ ఆమెను ఆకులమ్మ అంటారు. పద్నాలుగేళ్లుగా అవే మెట్లు, అదే బకెట్టు. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. కంపెనీ మరిదిది. భర్త పోయాక పిలిచి పని ఇచ్చిన మనిషాయె, ఆయనకు ఎదురు చెప్పాలంటే ఆమెకు నోరు పెగలదు.

మూడు నెలల కిందట ఆ మరిది, చవగ్గా వచ్చిందని, లారీ నిండా పూలమొక్కల ఎరువు దింపించాడు. బస్తా మీద పోషకాల పాళ్లు చెప్పే మూడంకెలు చదివి ఆమె మరిదిని ఆపింది.

"ఇది పూలకి మరిదీ. మన ఆకుమొక్కలకి నత్రజని మూడు పాళ్లు, భాస్వరం ఒకటి, పొటాష్ రెండు ఉండాలి. ఇందులో భాస్వరమే ఎక్కువ."

"ఎరువంటే ఎరువే వదినా! అంకెలతో నీకేం పని? పోసెయ్."

పోసేసింది. వాదించే ఓపిక ఎక్కడేడ్చింది కనుక! కొత్త ఆకులు చిన్నగా, పాలిపోయి వచ్చాయి. ఆ మాట చెబితే "రెట్టింపు పొయ్" అన్నాడు మహానుభావుడు. అదీ పోసింది. దాంతో ఆకుల కొసలు మాడాయి.

మాడిన ఆకులు కనబడితే ఆఫీసువాళ్లు ఊరుకుంటారా? అందుకని వారం వారం కత్తెర పట్టుకుని, ఒక్కో ఆకునూ వంపు చెడకుండా, పుట్టుకతోనే అంత అన్నట్టు కత్తిరించేది. రెండు వందల కుండీలు! బొటనవేలు కాయకాచింది. ఇంటికెళ్లి అన్నం కూడా తినకుండా పడుకునేది. మొక్కలు చచ్చిపోతున్నాయని ఆమెకొక్కదానికే తెలుసు. ఎలాగైనా ఆ ఎరువు మానిపించాలి. ఎలాగో మాత్రం తోచలేదు.

నిన్న మధ్యాహ్నం మరిది వచ్చి మేడంతా తిరిగి చూశాడు. ముఖం చాటంత అయింది.

"చూశావా వదినా, ఒక్క మాడిన ఆకైనా ఉందా? ఊరికే కంగారుపడ్డావు. ఇంకో లారీ చెప్పేశాను."

ఆమె మెట్టు మీదే చతికిలబడింది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఓరి భగవంతుడా, తన పనితనమే తన కొంప ముంచిందే! వారాల తరబడి నడుం విరగ్గొట్టుకుని ఆయన తప్పును తానే కప్పిపుచ్చింది.

"ఆ లారీ ఆపించు మరిదీ," అంది. "రెండు వారాలు నేను కత్తెర ముట్టుకోను. అప్పుడొచ్చి చూడు. చూశాక నన్ను ఉంచుతావో పంపిస్తావో నీ ఇష్టం."

మరిది అయోమయంగా చూశాడు.

"కత్తెరేంటి వదినా?"