ఒక చెవి పనికి, ఒక చెవి నీకు

డాక్టర్ సార్ పోయిండని నా భార్య నాకు మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. కార్ఖానల సాంచలు నడుస్తున్నయి. మా దిక్కు మరమగ్గాలను సాంచలే అంటం. కుడిచెవి కాడ చెప్పింది, ఇనవడలే. ఎడమ చెవి కాడ చెప్పింది, అండ్ల సాంచల మోత పడకుంట పెట్టుకున్న మైనం దూది ఉండ ఉన్నది. ఇగ తనే ఆ ఉండను పీకి, "సార్ పోయిండటయ్యా. పొద్దుగాల గుండెల నొప్పొచ్చిందట" అన్నది. గా ఎడమ చెవిని నాకు మిగిల్చిందే ఆయన. గా చెవిలనే గీ మాట వడ్డది.

సిరిసిల్లల మా గల్లీ మొగదల రెండర్రల దవఖాన సార్‌ది. ఇల్లు కోరుట్లల, ఉండుడు ఈడ. ఆదివారం ఒక్కనాడే ఇంటికి పోయేటోడు. మా సాంచలోళ్లల ఎవలికి ఏ చెవి మంచిగున్నదో ఆయనకు ఎర్కే. బజార్ల కలిస్తె సుట్టు తిరిగొచ్చి నా ఎడమ పక్కకు నడుస్తుండె. మా ఇంట్లోళ్లకు గూడ గంత యాది ఉండది.

చెవుల మిషన్ పరీక్షకు పెద్ద దవఖానకు పొమ్మంటె మేం ఎవ్వలం పోలే. ఇగ ఆయన తన టైంపీసే వట్టుకున్నడు. "కండ్లు మూసుకో తమ్మీ. టిక్కుటిక్కు ఇనవడంగనే చెయ్యి లేపు" అనుకుంట తలుపు కాడికెల్లి మెల్లగ నా కుర్చీ దిక్కు వస్తుండె. నేను చెయ్యి లేపిన కాడ గోడకు పెన్సిల్‌తోని గీత గీసేటోడు. యాడాదికొక గీత. గా గోడకు సున్నం గూడ ఎయ్యనియ్యలే. నా కుడిచెవి గీతలు తలుపు కాడ షురువై కుర్చీ దిక్కు జరుగుతనే ఉన్నయి. ఏటికేడు ఇనుకుడు తక్కువైతున్నట్టు లెక్క.

"సాంచలు ఇడిసిపెట్టు తమ్మీ" అన్నడు ఒకసారి.

"ఇడిసి ఏం చెయ్యాలె సార్? నాకు ఇంకేం పనొస్తది?"

సార్ దూదిని మైనంల ముంచి రెండు ఉండలు చేసి, చెవులల్ల పెట్టుకోమని ఇచ్చిండు.

రెండొద్దులు పెట్టుకున్న, మూడోనాడు తీస్కపోయి ఆయన బల్ల మీద పారేసిన. "పోగు తెగితె సాంచ సప్పుడు మారుతది సార్. గది ఇనకపోతె బట్టంత కరాబైతది. మీరొకసారొచ్చి నడిపి చూడుండ్రి!" అని లొల్లి వెట్టిన. గిప్పుడు తల్సుకుంటె సిగ్గైతది.

ఆయన నిజంగనే వచ్చిండు. రెండు చెవులల్ల ఉండలు పెట్టుకుని పగటి బువ్వ యాల్ల దాక నా పక్కన నిలవడ్డడు. పోగులు తెగుతనే ఉన్నయి, ఆయనకు ఒక్కటి తెల్వలే. బయటికొచ్చి పకపక నవ్విండు. "నువ్వే కరెక్ట్ తమ్మీ. గీ ఉండలు చేసినోనికి దిమాఖ్ లేదు." ఒక ఉండ జేబుల ఏసుకున్నడు, ఇంకోటి నా ఎడమ చెవిల తన చేతులతోనే పెట్టిండు. "ఒక చెవి పనికి, ఒక చెవి నీకు."

గప్పటిసంది ఎడమ చెవి గీత ఉన్నకాన్నే ఉన్నది. కుడిది మాత్రం ఆగలే. గీ నడుమ దవఖానకు పోయినప్పుడు టైంపీస్‌ను కుడిచెవికి ఆనించినా నా చెయ్యి లేవలే. సార్ పెన్సిల్‌ను జేబుల పెట్టుకున్నడు.

"ఇగ ఎడమ చెవి తెరువాల్నా సార్? పని ఎట్ల నడువాలె?"

"తెరువకు. ఒక్క నెల టైమియ్యి. ఏదన్న ఉపాయం సోంచాయిస్త."

వారం దినాలకు కార్ఖానకు వచ్చిండు. నా సాంచ చట్రం మీద అరచెయ్యి పెట్టి కండ్లు మూసుకున్నడు. పాణం బాగలేక ఒరిగిండేమో అనుకుని స్టూలు ఏసిన. వద్దని చెయ్యి ఊపిండు. చానసేపు గట్లనే నిలవడి, ఎనుకకు ఎల్లిపోయిండు. నెల నిండకముందే గీ కబురొచ్చింది.

కోరుట్లకు పోయి ఒక పిడికెడు మట్టి ఏసొచ్చిన. తెల్లారి మళ్ల కార్ఖాన. సాంచల ఓనర్ ఆసామి కరెంటు ఇచ్చిండు. ఉండ నా చేతిలనే ఉన్నది. పెట్టుకుంటె పని పోతది, పెట్టుకోకపోతె చెవి పోతది. సార్ మీద కోపమొచ్చింది, నిజం చెప్తున్న. నెల టైమడిగి గిట్ల పోతరా ఎవలన్న? గప్పుడు యాదికొచ్చింది, సాంచ మీద పెట్టిన ఆయన చెయ్యి. గది ఒరుగుడు గాదు.

ఉండ చెవిల పెట్టుకున్న. ఆయన పెట్టిన కాన్నే అరచెయ్యి పెట్టి కండ్లు మూసుకున్న. జర్రసేపటికి చేతి కింద అదురు ఏదో మారినట్టనిపించింది. సాంచ ఆపి చూసిన. పోగు తెగే ఉన్నది.

"సార్, తెలిసింది!" అని ఎడమ పక్కకు తిరిగిన. ఆడ ఎవ్వలు లేరు. ముంగట నేను నడిపే సాంచలు ఆరు, నాకున్నయి రెండే చేతులు.